సీత గీసిన రావణుడి బొటనవేలు: వాల్మీకంలో లేని కథ పాటలోకి ఎలా వచ్చింది?

మీరు అడిగింది ఇది: మీ అమ్మమ్మగారు పాడే పాటలో శూర్పణఖ మారువేషంలో అయోధ్యకు వస్తుంది. సీత చేత రావణుడి బొమ్మ గీయించాలని చూస్తుంది. సీత అతని ముఖం ఎన్నడూ చూడలేదు కాబట్టి కాలి బొటనవేలు మాత్రం గీస్తుంది. మిగతాది శూర్పణఖ పూర్తి చేసి బ్రహ్మ చేత ప్రాణం పోయిస్తుంది. ఆ బొమ్మ సీతను వదలదు, రాముడు అనుమానిస్తాడు, సీతను అడవికి పంపుతాడు. వాల్మీకంలో ఎంత వెతికినా ఈ కథ దొరకలేదు. ఎవరైనా కల్పించారా? మతగ్రంథాలు జానపద కథల్ని, కావ్యాల్ని ఎలా మలుస్తాయి? వేరే దేశాల్లోనూ ఇలాగే ఉంటుందా?

ముందు సూటిగా జవాబు. వాల్మీకంలో ఈ కథ లేదు. అలాగని మీ అమ్మమ్మగారిదో, మీ ఊరివాళ్లదో కల్పన కూడా కాదు. కనీసం 12వ శతాబ్దం నుంచి ఈ కథ గుజరాత్ జైన గ్రంథాల్లో, బెంగాల్ పాటల్లో, మలయా, థాయ్ రామకథల్లో రకరకాల రూపాల్లో ఉంది. ఇక పెద్ద ప్రశ్నకు నా జవాబు: గ్రంథం ఏం జరిగిందో చెప్పిన చోట జనం దాన్ని మార్చరు. ఎందుకు జరిగిందో చెప్పని చోట, చెప్పినా తృప్తి కలగని చోట, కథ అల్లుతారు. సీత అడవికి వెళ్లాలి, కుశలవులు ఆశ్రమంలో పుట్టాలి. ఈ రెండింటినీ దాదాపు ఎవరూ కదపరు. ఆమె ఎందుకు వెళ్లవలసి వచ్చిందన్నది మాత్రం ప్రాంతానికో రకంగా, పాడేవారికో రకంగా ఉంటుంది.

మీ పాటనే తీసుకుని చూద్దాం.

వాల్మీకి ఉత్తరకాండ 43వ సర్గలో భద్రుడనే మనిషి రాముడికి ఊళ్లో మాటలు చేరవేస్తాడు. రావణుడి ఇంట ఉన్న భార్యను రాజు ఎలా ఏలుకుంటున్నాడని జనం అంటున్నారని చెబుతాడు. రాముడు తమ్ముళ్లను పిలిపించి, లక్ష్మణుడికి ఆజ్ఞ ఇస్తాడు. గ్రంథం చెప్పే కారణం అంతే, లోకాపవాదు. రాజధర్మం వైపు నుంచి చూసేవారికి అది చాలు. ఇంట్లో కూర్చుని వినేవారికి చాలదు. అగ్నిలోంచి బయటపడిన మనిషిని, నిండు గర్భిణిని, ఎవరో ఏదో అన్నారని పంపేస్తారా? ఈ ప్రశ్న దగ్గరే కథలు మొలిచాయి.

ఇవి రెండు తోవల్లో పోయాయి. ఒకటి వీధి తోవ. భాగవతం నవమ స్కంధంలో రాముడు రాత్రిపూట మారువేషంలో తిరుగుతూ, ఒకడు తన పెళ్లాన్ని దెప్పుతూ అనే మాట వింటాడు. కథాసరిత్సాగరమనే సంస్కృత కథల సంపుటిలోనూ ఇలాంటిదే ఉంది. ఆ మనిషే తర్వాత చాకలివాడయ్యాడు, మన నాటకాల్లో, హరికథల్లో స్థిరపడ్డాడు. 1963 నాటి లవకుశ సినిమా చూసిన తెలుగువారికి చాకలి లేని ఉత్తర రామాయణం ఊహకే అందదు. కానీ వాల్మీకంలో చాకలి లేడు.

రెండోది ఇంటి తోవ. మీ పాట ఈ తోవదే. జైన ముని హేమచంద్రుడు రాసిన త్రిషష్టిశలాకాపురుషచరిత్రలో సీత సవతులు రావణుడి రూపం ఎలా ఉంటుందని అడుగుతారు. పాదాలే చూశానని ఆమె పాదాలే గీస్తుంది. వాళ్లు దాన్ని తీసుకెళ్లి రాముడికి చూపిస్తారు. సంస్కృత ఆనందరామాయణంలో అడిగేది కైక, సీత గీసేది బొటనవేలు. బెంగాల్‌లో చంద్రావతి అనే కవయిత్రి చెప్పిన రామాయణంలో కైక కూతురు కుకుయా విసనకర్ర మీద బొమ్మ గీయిస్తుంది. సీత నిద్రపోగానే ఆ విసనకర్రను ఆమె గుండెల మీద పెట్టి రాముణ్ణి పిలుస్తుంది. మలయ్ రామకథ హికాయత్ శ్రీరామలోనూ విసనకర్రే. థాయ్‌లాండ్ రామకథ రామకియెన్‌లో అదుల్ అనే రాక్షసి చెలికత్తె వేషంలో వచ్చి పలక మీద బొమ్మ గీయిస్తుంది. గీశాక తానే ఆ బొమ్మలో దూరుతుంది. చెరిపినా పోదు.

ఇప్పుడు వరసగా చూడండి: సవతులు, కైక, ఆడపడుచు, మారువేషపు శత్రువు. ప్రతిచోటా అపవాదు ఇంట్లోనే పుడుతోంది, వీధిలో కాదు. ఈ పాటలు పాడుకున్నది ఉమ్మడి కుటుంబాల్లో, పెరట్లో పనులు చేసుకుంటూ, పురుళ్లకీ పేరంటాలకీ కూడినప్పుడు. వాళ్లకు తెలిసిన ప్రమాదం ఎక్కడి నుంచి వస్తుందో కథలోనూ అక్కడి నుంచే వచ్చింది. జైన మునులు రాసినప్పుడు రాక్షస మాయ తీసేసి సవతుల అసూయగా చెప్పారు. థాయ్ రాజాస్థానం 1797లో రాయించినప్పుడు మాయను పెంచి నాట్యానికి పనికొచ్చేలా చేసింది. అదే బొమ్మ, చేతులు మారాయి.

తెలుగు స్త్రీల పాటలు ఈ పనిని ఎంత నేర్పుగా చేశాయో చూడాలంటే ఊర్మిళాదేవి నిద్ర చాలు. వాల్మీకి బాలకాండ పెళ్లిలో ఊర్మిళ పేరు చెప్పి, తర్వాత దాదాపు మర్చిపోతాడు. పద్నాలుగేళ్లు ఆమె ఏం చేసినట్టు? పాట ఆమెను నిద్రపుచ్చింది. లక్ష్మణుడి నిద్ర కూడా ఆమెదే. వనవాసం అయ్యాక అతను గదిలోకి వెళ్లి మంచం మీద కూర్చుంటే, సగం నిద్రలో ఆమె ఎవరో పరపురుషుడు వచ్చాడనుకుని హెచ్చరిస్తుంది: మా నాన్న జనకుడు వింటే శిక్షిస్తాడు, మా అక్కా బావా ఊరుకోరు, పరకాంతను కోరి ఇంద్రుడు ఒళ్లంతా చెడగొట్టుకున్నాడు, రావణుడు కులంతో సహా నాశనమయ్యాడు అంటుంది. నిద్రలో ఉన్న ఇల్లాలి నోట మొత్తం రామాయణ ధర్మం పలికించారు. గ్రంథం చెప్పిన నీతి ఒక్కటీ తప్పలేదు, చెప్పే మనిషి మాత్రం మారింది. లక్ష్మణదేవర నవ్వు పాట కూడా ఇక్కడి నుంచి పుట్టిందే. గడువు తీరి నిద్రాదేవి సభలో ఎదురయ్యేసరికి లక్ష్మణుడు నవ్వుతాడు. అన్నను చంపించానని నవ్వాడని సుగ్రీవుడు, అన్నను వదిలి వచ్చానని నవ్వాడని విభీషణుడు, ఇలా సభలో ప్రతివాళ్లూ తమ లోపాన్ని చూసే నవ్వాడనుకుంటారు. ఆ ఒక్క నవ్వుతో రామాయణంలోని ప్రతి చిక్కు ప్రశ్ననూ బయటికి తీశారు. ఏ వ్యాఖ్యానకర్తా ఇంత తక్కువ మాటల్లో ఈ పని చేయలేదని నా గట్టి అభిప్రాయం.

ఇక జానపదం నుంచి కావ్యానికి, కావ్యం నుంచి జానపదానికి రాకపోకలు. దీనికి ఉడుత మంచి ఉదాహరణ. సేతువు కట్టేటప్పుడు ఉడుత సాయం చేయడం వాల్మీకంలో లేదు. తమిళ వైష్ణవ భక్తకవులైన ఆళ్వార్లలో ఒకరు తొండరడిప్పొడి ఆళ్వార్. ఆయన పాడిన తిరుమాలైలో ఉడుతలు నీట మునిగి, ఇసుకలో పొర్లి, సముద్రంలోకి పరుగెత్తడం కనిపిస్తుంది. ఆ పాశురంలో (పద్యంలో) రాముడు వీపు నిమరడం లేదు, మూడు చారలూ లేవు. చారల ముచ్చట వేరే రకం కథ. ఉడుతకు చారలెలా వచ్చాయి, కాకి ఎందుకు నలుపు, ఇలాంటివి లోకమంతా పిల్లలకు చెప్పేవే. ఆ రెండూ కలిశాక కథ ఎంత బలపడిందంటే, మనం రోజూ అనే ఉడుతాభక్తి అందులోంచే వచ్చింది. మన రంగనాథ రామాయణంలో కూడా ఉడుత ఘట్టం ఉంది. ద్విపదలో ఉంది కాబట్టి పాడుకోవడానికి అనువు, కాబట్టి తోలుబొమ్మలాటవారు దాన్నే పట్టుకున్నారు. ఆ ఆటలో రామాయణం నడుస్తుండగా మధ్యలో బంగారక్క, జుట్టుపోలిగాడు, కేతిగాడు వచ్చి ఊరి మాటలు మాట్లాడతారు. వాళ్ల నోటి నుంచి రాలిన మాట ఏళ్లు గడిచాక రామాయణమే అయిపోతుంది. గ్రంథంలో ఉందో లేదో చూసేవారెవరూ ఆ రాత్రి అక్కడ ఉండరు.

లక్ష్మణ రేఖ సంగతీ అంతే. వాల్మీకి అరణ్యకాండలో గీత లేదు. రంగనాథ రామాయణంలో ఉంది. తులసీదాసులో వింతగా ఉంటుంది: అపహరణ జరిగే చోట గీత ప్రస్తావన రాదు, లంకాకాండలో మండోదరి రావణుణ్ణి దెప్పుతూ రాముడి తమ్ముడు గీసిన చిన్న గీతైనా దాటలేకపోయావని అంటుంది. అంటే వినేవారికి ఆ కథ ముందే తెలుసు. ఇలాంటి అనుకోని ప్రస్తావనలు చాలా విలువైనవి. కవి వివరించకుండా వాడుకున్నాడంటే ఆ కథ అప్పటికే జనం నోళ్లలో ఉందన్నమాట.

గ్రంథమే జానపదం నుంచి తీసుకున్న సందర్భాలూ ఉన్నాయి. ఆడది ఎరగని ముని కుమారుణ్ణి ఊరికి రప్పిస్తే వాన కురిసే ఋశ్యశృంగుడి కథ బాలకాండలో ఉంది, మహాభారతం అరణ్యపర్వంలో ఉంది, బౌద్ధ జాతకాల్లోనూ ఇదే మూసలో కథలున్నాయి. మూడింటికీ ముందు ఒక పాత జనకథ ఉందనుకోవడమే సబబు. అందుకే ‘గ్రంథం అసలు, జానపదం నకలు’ అని నేను అనను.

ఇతర మతాల్లో కూడా ఇదే తీరు. యూసుఫ్ కథ చూడండి. బైబిల్ ఆదికాండం 39వ అధ్యాయంలో యోసేపును కోరిన స్త్రీ పోతీఫరు భార్య, అంతే, పేరు లేదు. ఖురాన్ 12వ సూరాలోనూ పేరు లేదు. అయితే అక్కడ ఊరి స్త్రీలను విందుకు పిలిచి కత్తులు ఇవ్వడం, యూసుఫ్‌ను చూసి వాళ్లు చేతులు కోసుకోవడం ఉంది. జులేఖా అన్న పేరు తర్వాతి సంప్రదాయం పెట్టింది. గ్రంథం ఆమె చివరికి ఏమైందో వివరించలేదు, ఆ ఖాళీలోనే పారశీక కవులు ఆమె ముసలిదై, గుడ్డిదై, మళ్లీ యవ్వనం పొంది యూసుఫ్‌ను పెళ్లాడే ప్రేమగాథ నిర్మించారు. 1483 నాటి జామీ కావ్యం వాటిలో ప్రసిద్ధం. అది దక్కనుకూ చేరింది. మహమ్మద్ కులీ కుతుబ్‌షా కాలంలో గోల్కొండ దర్బారులో షేక్ అహ్మద్ గుజరాతీ దక్కనీలో యూసుఫ్ జులేఖా రాశాడు.

క్రైస్తవంలో సులువైన ఉదాహరణ క్రిస్మస్ నాటకం. మన ఊళ్లలో ముగ్గురు జ్ఞానులు కిరీటాలు పెట్టుకుని వస్తారు. మత్తయి సువార్త 2వ అధ్యాయం తూర్పు దేశపు జ్ఞానులు అంటుంది గానీ ముగ్గురని అనదు, రాజులనీ అనదు. బంగారము, సాంబ్రాణి, బోళము అని కానుకలు మూడు కాబట్టి మనుషులూ ముగ్గురయ్యారు. పశువుల తొట్టి దగ్గర ఎద్దూ గాడిదా కూడా సువార్తల్లో లేవు. యెషయా 1:3లో ఎద్దు తన కామందునూ గాడిద తన సొంతవాని దొడ్డినీ ఎరుగునన్న వాక్యాన్ని ఆధారం చేసుకుని తర్వాతి గ్రంథాలు వాటిని అక్కడికి తెచ్చాయి. ఇక్కడ ఒక గ్రంథవాక్యం ఇంకో గ్రంథసన్నివేశంలోని ఖాళీని నింపింది. ఇది జానపదంలో తరచూ కనిపించే పద్ధతి.

స్థలపురాణాలు వేరే పెద్ద అంశం, ఇక్కడ ఒక్క మాటే. భద్రాచలం దగ్గరి పర్ణశాలలో సీత నారచీర ఆరేసిన గుర్తులని రాతి మీద చారలు చూపిస్తారు. థాయ్‌లాండ్‌లో లోప్‌బురిని రాముడు హనుమంతుడికి ఇచ్చాడంటారు. శ్రీలంకలో ఒకే శిఖరం మీది పాదముద్రను బౌద్ధులు బుద్ధుడిదనీ, శైవులు శివుడిదనీ, ముస్లింలు ఆదముదనీ నమ్ముతారు. ఊరికి గ్రంథంలో చోటు కావాలి. గ్రంథంలో లేకపోతే రాతి మీద చూపిస్తారు.

కులపురాణాల సంగతి మాత్రం కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే చాలామంది పొరబడేది ఇక్కడే. తెలంగాణలో పద్మశాలీలకు కూనపులివారు, మాదిగలకు డక్కలివారు, ముదిరాజులకు కాకిపడగలవారు బొమ్మలు వేసిన పటం విప్పి ఆ కులం కథ చెబుతారు. కూనపులివారు చెప్పేది మార్కండేయ పురాణం. సంస్కృత మార్కండేయ పురాణం తెరిచి అందులో పద్మశాలీల మూలపురుషుడు భావనాఋషి కథ, నేత పుట్టుక వెతికితే నిరాశే. పేరు ఒకటే, విషయం వేరు. గ్రంథం పేరు ఇక్కడ ఒక అధికారముద్ర. డక్కలివారు చెప్పే జాంబపురాణం ఇంకా ముందుకు వెళ్లి, సృష్టికి ముందే మాదిగల మూలపురుషుడు జాంబవముని ఉన్నాడంటుంది. ఇవి గ్రంథాన్ని తప్పుగా విన్నవారి కథలు కావు. గ్రంథం తమకు ఇవ్వని చోటును గ్రంథం భాషలోనే అడిగి తీసుకున్నవారి కథలు. వీటిని వక్రీకరణ అనేవారితో నేను ఎప్పటికీ ఏకీభవించను.

ఇప్పుడు మీకు పనికొచ్చే భాగం. ఒక పాటలోని కథ ఎక్కడి నుంచి వచ్చిందో వెతకాలంటే ఈ క్రమంలో వెళ్లండి.

ముందు పాటను కథగా కాకుండా ముక్కలుగా రాసుకోండి. మీ పాటలో కనీసం ఆరు ముక్కలున్నాయి: మారువేషం, బొమ్మ అడగడం, బొటనవేలే గీయడం, వేరొకరు పూర్తి చేయడం, బొమ్మకు ప్రాణం రావడం, అది వదలకపోవడం. ఒక్కో ముక్కను విడిగా వెతకాలి. మొత్తం కథను ఒకేచోట వెతికితే దొరకదు, దొరకలేదు కాబట్టి కల్పన అనుకుంటాం.

రెండోది వాల్మీకం. బజారులో దొరికే తాత్పర్యాల పుస్తకం ఒక్కటే చూసి లేదని తేల్చకండి. ఉత్తరాది, దక్షిణాది పాఠాలు వేరు. బరోడా ప్రాచ్య విద్యాసంస్థ 1960 నుంచి 1975 వరకు ఏడు సంపుటాల్లో సంశోధిత ప్రతి, అంటే రాతప్రతులన్నీ పోల్చి తేల్చిన పాఠం, వేసింది. అందులో పై పాఠం కన్నా అడుగున ఉన్న పాఠభేదాలు, చివరి అనుబంధాలు మీకు ముఖ్యం. కొన్ని ప్రతుల్లోనే ఉన్న శ్లోకాలన్నీ అక్కడికి నెట్టేశారు. ‘ప్రక్షిప్తం’ (తర్వాత ఎవరో చేర్చింది) అని సంపాదకులు తీసేసినవే జానపదం వెతికేవారికి బంగారం.

మూడోది నడిమి పొర. అధ్యాత్మ రామాయణం, ఆనందరామాయణం, జైన రామాయణాలు, తెలుగులో రంగనాథ, భాస్కర, మొల్ల రామాయణాలు. ఎక్కువ కథలు ఇక్కడ దొరుకుతాయి. గుహుడు రాముడి కాళ్లు కడిగి పడవ ఎక్కించుకోవడం మొల్లలో చదివి వాల్మీకంలో వెతికేవారు చాలామంది. అది వాల్మీకంలో లేదు. అధ్యాత్మ రామాయణం చూడాలి.

నాలుగోది ప్రదర్శనలు: తోలుబొమ్మలాట, యక్షగానం, హరికథ, బుర్రకథ, చివరికి సినిమా. ఇక్కడ ఒక జాగ్రత్త. పాటలో చాకలి కనిపిస్తే, పాడినావిడ అది ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడగాలి. పాత పాటలోకి సినిమా సన్నివేశం దూరడం మామూలే. అది తప్పేమీ కాదు, కానీ దాన్ని పాత పొరగా లెక్కిస్తే మీ నిర్ధారణ అంతా తప్పుతుంది.

పొరపాట్లు ఎక్కువగా రెండు చోట్ల జరుగుతాయి. ఒకటి కాలనిర్ణయం. రాతలో ముందు కనిపించింది కాబట్టి అదే మూలం అనుకోవడం. హేమచంద్రుడు 12వ శతాబ్దంలో రాశాడు, మీ పాట నిన్నటిదాకా కాగితం ఎక్కలేదు, అంతమాత్రాన పాట ఆయన నుంచి వచ్చిందని కాదు. ఆయన కూడా ఎక్కడో విన్నదే రాసి ఉండవచ్చు. అన్ని దూరప్రాంతాల్లో ఒకే బొమ్మ కనిపించడమే అది నోటి తోవలో బాగా తిరిగిందనడానికి గట్టి ఆనవాలు. రెండోది దిద్దుబాటు. పాట అచ్చు వేసేటప్పుడు యతి సరిచేయడం, మోటుమాట తీసేయడం, రాముణ్ణి నిలదీసిన చరణం వదిలేయడం. అలా పోయిన చరణం మళ్లీ రాదు.

మీ అమ్మమ్మగారి పాటను రికార్డు చేసేటప్పుడు మధ్యలో ఆపి అర్థం అడగకండి. రాగం తెగితే చరణాలు మర్చిపోతారు. ఒకసారి పూర్తిగా పాడనివ్వండి. కొన్నాళ్లు ఆగి రెండోసారి రికార్డు చేసి రెండింటినీ పోల్చండి. మారని చరణాలు నేర్చుకున్నవి, మారేవి ఆవిడ అప్పటికప్పుడు అల్లేవి. ఎవరి దగ్గర నేర్చుకున్నారు, పుట్టిల్లు ఏ ఊరు, ఏ సందర్భంలో పాడేవారు, ఎవరి ముందు పాడేవారు కాదు, ఈ నాలుగూ తప్పకుండా రాసుకోండి. ఆ చివరి ప్రశ్నకు వచ్చే జవాబే చాలాసార్లు పాట గురించి ఎక్కువ చెబుతుంది. తర్వాత ఆంధ్ర సారస్వత పరిషత్తు అచ్చువేసిన స్త్రీల రామాయణపు పాటలు సంపుటి పక్కన పెట్టుకుని చరణం చరణం పోల్చండి. మీ పాటలో బొమ్మను వదిలించుకోవడానికి తోడికోడళ్లు ఏం చేశారు, రాముడు చంపమన్నా లక్ష్మణుడు సీతను చంపకుండా ఏ గుర్తు తెచ్చి చూపించాడు, ఈ రెండు చోట్లా పాఠాలు బాగా వేరవుతాయి. అక్కడ మీ పాటలో ఏముందో ఇక్కడ రాస్తే, ఏ ప్రాంతపు పాఠానికి దగ్గరో చూసి చెప్పగలను.